గుండీల వైపు మిడత

వదిన కుట్టే పిల్లల గౌన్ల మీద మరిది తీసిన ఫొటోలు అచ్చు పడతాయి. గులాబీలూ చిలకలూ వేసినవి ఇలా పెడితే అలా అమ్ముడైపోతాయి. మరిదిగారి ప్రాణం మాత్రం ఒక పచ్చమిడత మీద ఉంది. దానికోసం తడినేల మీద బోర్లా పడుకుని, జలుబు తెచ్చుకుని మరీ తీశాడు. కాకిపిల్ల కాకికి ముద్దు.

పురుగు బొమ్మ గౌను ఎవరు కొంటారని వదిన కొట్టిపారేసింది. అతను పోరగా పోరగా చివరికి ఒక మెట్టు దిగింది. తన కూతురికి ఒక్క గౌను వేసి చూద్దామనీ, పిల్ల ముచ్చటపడితే సరే, లేదంటే ఇక పురుగుల ఊసే ఎత్తకూడదనీ చెప్పింది.

వదిన కుట్టిన తెల్లగౌనుని మరిది పట్టుకెళ్లి అచ్చు మెషీను మీద పరిచి, కుచ్చిళ్ల మీద మిడతను అరచేయంత అచ్చు వేశాడు. తన చొక్కాకి గుండీలు ముందుంటాయి కదా, గౌనుకీ గుండీల వైపే ముందనుకున్నాడు మహానుభావుడు. పిల్లకి తొడిగి చూస్తే, గుండీలు వీపున పడి, మిడత సరిగ్గా కూర్చునే చోట తేలింది.

వదిన పొట్ట పట్టుకుని నవ్వింది.

"మంచి పీటే వేశారు మరిదిగారూ, మీ మిడతకి."

అతనూ నవ్వాడు గానీ మనసు చివుక్కుమంది. పిల్ల మాత్రం అద్దం ముందు మెడ తిప్పి తిప్పి వెనకాల ఉన్నదాన్ని చూసుకుంటూనే ఉంది.

భోజనాల దగ్గర పిల్ల కుర్చీ ఎక్కనంది. వాళ్లమ్మ బతిమాలింది, కసిరింది, ఏమైందే అని నిలదీసింది.

"కూర్చుంటే అది నలిగిపోదూ?" అంది పిల్ల.

వదిన కోపం దిగిపోయింది. మరిది తినడం ఆపి పిల్లనే చూశాడు. ఆ ఫొటో చూసిన వాళ్లంతా పురుగన్నారు గానీ, దానికి నొప్పి పుడుతుందని అనుకున్నది ఈ పిల్ల ఒక్కతే.

వదిన గౌను విప్పేస్తానంటే పిల్ల ఒప్పుకోలేదు. చేతులు లోపలికి లాక్కుని, గింజుకుని, గౌనుని గిర్రున ముందుకి తిప్పేసుకుంది. గుండీలు పొట్ట మీదికొచ్చాయి.

"బాబాయ్ చొక్కాకి ఇలాగే ఉంటాయిగా," అని కుర్చీ ఎక్కి కూర్చుంది. మిడత దర్జాగా ఒళ్లోకొచ్చింది.

"ఇంకో నాలుగు కుడతాను లెండి. గుండీలు ఎటో మాత్రం నన్నడగండి," అంది వదిన, మరిది కళ్లు తుడుచుకోవడం చూడనట్టు.

పిల్ల కూరలో ముంచిన రొట్టె తునక ఒకటి మిడత మూతికి అందించింది. తెల్లగౌను మీద మరక పాకుతున్నా, వదిన ఇంకో తునక తుంచి పిల్ల చేతికిచ్చింది.