తడిగుడ్డ కింది ముద్ద

ఇరవై రెండేళ్ళుగా చిన్నపిల్లల తరగతి చూసుకుంటున్నాను. ప్రదర్శన పెట్టిన ప్రతిసారీ పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక తలుపు దగ్గరకు వేసి, వాళ్ళు చేసినవన్నీ సవరించాను. వంకర గీతలు సరిచేశాను, ఊడిన తోకలు అతికించాను, కాగితం పువ్వులకు లేని రేకులు తగిలించాను. నేనొక్కదాన్నే కాదు, మా బడిలో అందరూ చేసేదే. దాన్ని మాలో మేము "చెయ్యి వెయ్యడం" అంటాం. "నీ తరగతిలో చెయ్యి వేశావా?" అని ఒకరినొకరం అడుగుతుంటాం, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా. తల్లిదండ్రులు వస్తారు, ఫొటోలు తీసుకుంటారు, మురిసిపోతారు. ఎవరి సొమ్మేం పోయింది అనుకునేదాన్ని.

ఈ ఏడాది మా పెద్ద మేడమ్ ఎక్కడో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, కొత్త మాట ఒకటి మోసుకొచ్చారు. చేతులతో నేర్చుకునే వారం. మమ్మల్నందరినీ తన గదిలోకి పిలిచి చెప్పారు.

"ఈ వారమంతా పుస్తకం ముట్టుకోవద్దు. పిల్లలే చెయ్యాలి, పిల్లలే తెలుసుకోవాలి. మనం పక్కన ఉండి చూడాలి, అంతే."

"శుక్రవారం ప్రదర్శన ఉంటుందా మేడమ్?" అని అడిగాను.

"ఉండకపోతే ఎలా? పేరెంట్స్ వస్తారు. అన్నీ నీట్‌గా ఉండాలి."

పిల్లలే చెయ్యాలట, నీట్‌గా ఉండాలట. ఈ రెండూ ఒకే నోటితో ఎలా అన్నారో ఆవిడకే తెలియాలి. నేను తలూపాను. తలూపడంలో నాకు మంచి అనుభవం ఉంది.

నా తరగతిలో ఇరవై మంది. పందొమ్మిది మంది నోళ్ళు మూయించలేక రోజూ నా నోరు నొప్పి పుడుతుంది. ఇరవయ్యో పిల్ల అసలు నోరే తెరవదు. అన్నం డబ్బాలోది గింజ గింజా ఏరుకుని తింటుందని దానికి పిట్ట అని పేరు పెట్టాను. కూత లేని పిట్ట. బడిలో చేరి ఎనిమిది నెలలైంది, ఒక్క మాట అంటే ఒక్క మాట వినలేదు. నీళ్ళు కావాలంటే సీసా చూపిస్తుంది. పక్కవాడు కొరికితే వాడి పళ్ళ గుర్తు చూపిస్తుంది.

వాళ్ళ నాన్న సిటీ బస్సు డ్రైవరు. పిల్లను దింపడానికి డ్యూటీ బట్టల్లోనే వస్తాడు.

"ఇంట్లో ఆగకుండా మాట్లాడుతుందండీ," అంటాడు ప్రతిసారీ. "వాళ్ళమ్మ చెవులు మూసుకుంటుంది. ఇక్కడికొచ్చేసరికి ఏమవుతుందో."

పెద్ద మేడమ్ ఆ మాట నమ్మలేదు. సోమవారం పొద్దున నా ముందే ఆయనతో తేల్చి చెప్పేశారు.

"చూడండి, వచ్చే ఏడాది ఒకటో తరగతిలో కూర్చోబెట్టాలంటే నాకొక ఆధారం కావాలి. శుక్రవారం తను చేసిన వస్తువు చూపించి, ఇది నాది అని ఒక్క ముక్క చెప్పమనండి. చాలు. లేకపోతే ఇలాంటి పిల్లల కోసం వేరే బడి ఉంది, అక్కడ చేర్చండి."

వేరే బడి ఊరి అవతల ఉంది. రెండు బస్సులు మారాలి. ఆయన పిల్లను దింపిన వెంటనే డ్యూటీ ఎక్కాలి, వాళ్ళావిడది ఆసుపత్రిలో షిఫ్టు ఉద్యోగం. పిల్లను ఎవరు తీసుకెళతారు, ఎవరు తీసుకొస్తారు? ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు.

"నేను చూసుకుంటానులెండి," అన్నాను. నా నోటికి తొందరెక్కువ.

ఆ రోజే మట్టి పని. ఇరవై మందికీ తలా ఒక ముద్ద ఇచ్చాను. పావుగంటలో గది నిండా పాములు, బంతులు, చక్రాల్లేని కార్లు. ఒకడు కొంచెం రుచి కూడా చూశాడు. పిట్ట మాత్రం ముద్దను ముందు పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత కుడిచేత్తో గట్టిగా పిసికి, పిడికిలి విప్పింది. ముద్ద మీద గుంటలు పడ్డాయి, బొటనవేలికి ఒకటి, మిగతా వేళ్ళకు నాలుగు. వేళ్ళు మళ్ళీ ఆ గుంటల్లో పెట్టింది. సరిగ్గా సరిపోయాయి. తీసింది, పెట్టింది. అలా గంట కొట్టేదాకా.

"ఏంటమ్మా ఇది?" అన్నాను వంగి.

నా వైపు చూసి నవ్వింది. ఎనిమిది నెలల్లో అది నవ్వగా చూడటం అదే మొదటిసారి. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? శుక్రవారం పేరెంట్స్ ముందు ఈ ముద్దను ఏమని చూపించాలి అన్నదే నా ఆలోచన.

రంగులు వేసేదాకా ఎండిపోకుండా అన్నిటినీ పళ్ళెంలో పెట్టి, తడిగుడ్డ కప్పి, కిటికీ పక్క అలమారలో ఉంచాం. మంగళవారం నీళ్ళ పని, గిన్నెలతో కొలిచి సీసాల్లో పోయడం. గదిలో చెరువు తయారైంది. బుధవారం దూదిలో గింజలు నాటించాను, అరగంటకోసారి తవ్వి మొలిచిందా అని చూశారు. ఇవన్నీ పిట్ట కూడా చేసింది, తిన్నగా, పనిమంతురాలిలా. కానీ పొద్దున రాగానే దాని మొదటి పని వేరే. సంచి తగిలించి, అలమార దగ్గరకు వెళ్ళి, తడిగుడ్డ అంచు ఎత్తి, తన ముద్ద గుంటల్లో అయిదు వేళ్ళూ పెట్టుకునేది. సరిపోయాయని చూసుకుని, గుడ్డ మళ్ళీ జాగ్రత్తగా కప్పి వచ్చి తన చోట కూర్చునేది. మూడు రోజులూ పొద్దున చూశాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా నాకు దారి లేదు.

గురువారం మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక మా తరగతి ఆయా, నేను తలుపు వేసుకుని కూర్చున్నాం. పళ్ళెం ముందు పెట్టుకుని పని మొదలుపెట్టాను. పాముకు కాళ్ళూ తొండమూ పెట్టి ఏనుగును చేశాను. బంతులు గిన్నెలయ్యాయి. కార్లకు చక్రాలొచ్చాయి. పిట్ట ముద్ద దగ్గరకొచ్చేసరికి ఆయా నా మోచెయ్యి పట్టుకుంది.

"దాని జోలికి పోకండి టీచరమ్మా. ఆ పిల్ల రోజూ చూసుకుంటోంది."

"నాకు కళ్ళు లేవా? ముద్ద తీసుకెళ్ళి చూపిస్తే మేడమ్ ఊరుకుంటారా? పిల్ల సీటు పోతే నువ్విస్తావా?"

"నాకు తోచింది చెప్పాను. తర్వాత మీ ఇష్టం." ఆయా చెయ్యి తీసేసి చీపురు అందుకుంది.

నా కోపం నాకు బాగా సాయపడింది. కోపంలో ఉన్నప్పుడు చేసేది తప్పనిపించదు. రెండు బొటనవేళ్ళతో ముద్దను నొక్కి, ఆ అయిదు గుంటల్నీ పూడ్చేశాను. నున్నగా దిద్ది చిన్న కప్పు చేశాను, పిడి కూడా పెట్టాను. నిజం చెప్పాలంటే, చక్కగా వచ్చింది. ఆ పిల్లకు మేలు చేస్తున్నానని నా మనసులో రవ్వంత అనుమానం కూడా లేదు.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి రంగులు వేసి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఒక్కొక్క దాని ముందు పేరు చీటీ పెట్టాను. పది గంటలకు తల్లిదండ్రులు వచ్చారు. పిల్లలు ముందు చీటీలు చూశారు, తర్వాత బొమ్మలు చూశారు. పాము చేసినవాడు ఏనుగును రెండు చేతులతో ఎత్తి, "నాన్నా, ఇది నాదే," అన్నాడు. వాడికి సందేహమే రాలేదు. బంతి చేసిన పిల్ల గిన్నెను చూపించి నాదే అంది. మట్టి తిన్నవాడు కూడా నాదే అన్నాడు. పందొమ్మిది మంది నాదే నాదే అంటుంటే పెద్ద మేడమ్ మొహం వెలిగిపోయింది.

"చూశారా, చేతులతో చేస్తే పిల్లల్లో ఎంత ఆత్మవిశ్వాసం వస్తుందో," అన్నారు అందరికీ వినబడేలా.

పిట్ట అలమార దగ్గర ఉంది. తడిగుడ్డ ఎత్తి చూసింది. ఖాళీ పళ్ళెం. వాళ్ళ నాన్న దాని చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరకు తీసుకొచ్చి, చీటీ మీద పేరు చదివి, కప్పు చూపించాడు. సగం రోజు సెలవు పెట్టి వచ్చాడు పాపం, చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ.

పెద్ద మేడమ్ కూడా వచ్చి నిలబడ్డారు. "ఏదీ, ఇది ఎవరిదో చెప్పు," అన్నారు.

పిట్ట కప్పును చేతిలోకి తీసుకుంది. అయిదు వేళ్ళూ దాని చుట్టూ వేసి నొక్కింది. తిప్పి మరోవైపు నొక్కింది. ఎక్కడా గుంట లేదు. కప్పును బల్ల మీద పెట్టేసింది.

"నాది కాదు," అంది.

చిన్న గొంతుతో కాదు, స్పష్టంగా, గది అంతా వినబడేలా. ఎనిమిది నెలలు ఎదురుచూసిన గొంతు. వాళ్ళ నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"విన్నారా మేడమ్, మాట్లాడింది. నేను చెప్పలేదా?"

"మాట్లాడింది, సరే. కానీ తను చేసిందే తను గుర్తుపట్టలేకపోతోంది. అది ఇంకా పెద్ద సమస్య కదండీ," అన్నారు మేడమ్.

ఆయన నవ్వు ఆగిపోయింది. నా వైపు తిరిగాడు. "టీచర్ గారూ, ఇది మా పాప చేసిందేనా?"

రోజంతా ఆగకుండా వాగే దాన్ని నేను. కాదండీ, నేను చేశాను, మీ పాప నిజం చెబుతోంది. ఇంతే కదా అనాల్సింది. కానీ ఆ మాట అంటే ఏనుగు సంగతి కూడా చెప్పాలి, గిన్నెల సంగతి కూడా చెప్పాలి. చుట్టూ పందొమ్మిది మంది తల్లిదండ్రులు ఫోన్లు పట్టుకుని ఉన్నారు. తలుపు దగ్గర ఆయా నన్నే చూస్తోంది. పిట్ట కూడా నన్నే చూస్తోంది.

"అవునండీ, తనే చేసింది," అన్నాను.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల భుజాలు పట్టుకున్నాడు. "నువ్వే చేశావంట కదమ్మా. టీచర్ అబద్ధం చెబుతారా? నాది అని చెప్పు. ఒక్కసారి చెప్పమ్మా, నా బంగారం కదూ."

పిట్ట వాళ్ళ నాన్న మొహం చూసింది. తర్వాత నా మొహం చూసింది, చాలాసేపు. నేను తల దించుకున్నాను.

"నాది," అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ తన పుస్తకంలో టిక్కు పెట్టుకున్నారు. వాళ్ళ నాన్న నాకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. "మీ దయ వల్ల సీటు నిలిచింది టీచర్ గారూ," అన్నాడు. ఆ దండం తీసుకున్నాను. ఇంత సిగ్గులేని దాన్నని నాకే తెలియదు.

వాళ్ళు వెళ్ళేటప్పుడు చూశాను. కప్పు ఆయన చేతిలో ఉంది. పిల్ల దాని వైపు చూడను కూడా చూడలేదు.

సోమవారం పిట్ట మామూలుగానే వచ్చింది. సంచి తగిలించింది. అలమార వైపు వెళ్ళలేదు. "గుడ్ మార్నింగ్ టీచర్," అంది. అడిగితే పేరు చెప్పింది, రంగులు చెప్పింది, నీళ్ళు కావాలని నోటితోనే అడిగింది. ఏం చెప్పమంటే అది చెప్పింది. మేడమ్ తలుపు దగ్గర నిలబడి విని, "మీ కష్టం ఫలించింది," అన్నారు నాతో.

మిగిలిన మట్టి ఉంటే, మనసు ఊరుకోక మళ్ళీ అందరికీ తలా ఒక ముద్ద ఇచ్చాను. పిట్ట ముందు కొంచెం పెద్ద ముద్దే పెట్టాను. అది మట్టిని ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన కూర్చుని, "నీకు ఏది కావాలంటే అది చెయ్యమ్మా. దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఒట్టు," అన్నాను.

అది ముద్దను రెండు వేళ్ళతో నా వైపు జరిపింది.

"మీరు చెయ్యండి టీచర్," అంది. గొంతులో కోపం లేదు, అలక కూడా లేదు. "నేను నాది అని చెప్తాను."

నేను ఆ ముద్ద మీద చెయ్యి వెయ్యలేకపోయాను, అక్కడి నుంచి తియ్యలేకపోయాను. గంట కొట్టేదాకా అది మా ఇద్దరి మధ్య బల్ల మీద ఎండుతూనే ఉంది.