నాట్ల రోజే గ్రామసభ

సబ్‌స్టేషన్ కట్టడానికి మా ఊళ్లో రెండు సర్కారు జాగాలున్నాయి. ఒకటి రోడ్డు పక్కన, సత్యనారాయణ అమ్మకానికి పెట్టిన ప్లాట్లను ఆనుకుని ఉంది. రెండోది మా వాడవాళ్లను పూడ్చే బొందలగడ్డ. నెత్తిమీద కరెంటు తీగలుంటే ప్లాట్లు ఎవరు కొంటారు? అందుకే ఆయన కళ్లు మా బొందలగడ్డ మీద పడ్డాయి. చచ్చినవాళ్లు ఎదురు చెప్పరు కదా!

బతికున్నవాళ్లం చెబుతామని, గ్రామసభ పెట్టించిన రోజే తన పొలంలో నాట్లు పెట్టుకున్నాడు. వాడ ఆడవాళ్లంతా నాట్లేసే నా ముఠాలోనే ఉన్నారు. సభ సంగతి మాకు చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. తెలిసినా, పీకిన నారు వదిలేసి మేం గట్టెక్కమని ఆయన ధీమా. ఆ ధీమా ఇచ్చింది మేమే. జ్వరమొచ్చినా, వాన కొట్టినా ఏనాడూ ఆయన నారు ఎండనివ్వలేదు.

మా మరిది డేవిడ్ ఆటో రోడ్డు మీద ఆపి, గట్టు వెంట పరుగెత్తుకొచ్చాడు.

"వదినా, నువ్వు గీడ నాటేస్తున్నవా? గాడ సభల మన బొందలగడ్డ రాసిస్తున్నరు!"

ఒళ్లు మండిపోయింది. మొన్న ఎండాకాలంలోనే నా పెనిమిటి లచ్చయ్యను అక్కడ పెట్టాం. మీద పోసిన మన్ను ఇంకా గట్టిపడనే లేదు. చేతిలోని నారుకట్టను మడిలోకి విసిరికొట్టి గట్టెక్కాను. నా వెనక, పక్కనే నాటేస్తున్న సత్తమ్మ, ఆమె వెనక ముఠా అంతా కదిలింది.

మోకాళ్లదాకా బురదతో పంచాయతీ ముందుకు చేరేసరికి, కరెంటాఫీసు నుంచి వచ్చిన హిమజ మేడమ్ "ఎవరికీ అభ్యంతరం లేదు కదా?" అని అడుగుతోంది. షామియానా కింద సత్యనారాయణ మనుషులు తలలూపుతున్నారు.

"ఉన్నది!" అని అరిచాను. "మా ఆయన పండుకున్నడు గాడ. ఆయన మీద స్తంభం పాతుతరా?"

మేడమ్ ముఖం మారింది. "ఆ శ్మశానం ఇప్పుడు వాడట్లేదని చెప్పారే!"

"ఎవరు చెప్పిన్రు?"

అందరూ సత్యనారాయణ వైపే చూశారు. ఆయన నవ్వుతూ లేచాడు.

"కరుణా, జర నిమ్మళం. కరెంటు ఊరందరికీ గద! నువ్వు పొలం పో. ఎండ ముదిరింది, నారు వాడిపోతది."

ఎంత ప్రేమగా అన్నాడో! ప్రేమంతా నారు మీదే.

"కరెంటు మాకూ గావాలె పటేలా. రోడ్డు పక్క జాగల కట్టుండ్రి."

"గాడ కడితే నా ప్లాట్లు ఖతమైతయి!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే సభంతా విన్నది.

"నీ ప్లాట్లు ఖతమైతే నీకు పరేషాన్. మా బొందలు ఖతమైతే మాకు గాదా?" మేడమ్ చేతిలోని కాగితం వైపు వేలు చూపించాను. "మేడమ్ రోడ్డు జాగ అని రాసేదాక మేం కదలం."

"నారు ఎండుతది కరుణా!" ఈసారి ఆయన గొంతులో నవ్వు లేదు.

"ఎండనీ."

ఆ మాట నా నోట వస్తుందని నేనే ఎన్నడూ అనుకోలేదు. పెద్దమనుషుల కోసం వేసిన ముందు వరస కుర్చీల్లో, బురద చీరలతోనే, ముఠా అంతా కూర్చుంది. హిమజ మేడమ్ రాసిన కాగితం చింపేసి, కొత్తది తీసింది.