తల ఊపిన పాపానికి

"కండెలు వదులైతున్నయ్. పని మీద సోయి ఉన్నదా లేదా నీకు?"

మగ్గం గుంటలోంచి నా పెనిమిటి బాలమల్లు అరిచాడు. నేను నూలు చుట్టిచ్చిన కండెను నాడెలో పెట్టి పడుగు మధ్య అటూ ఇటూ విసిరితే పోగు జారిపోతోందట. రాట్నం ముందు కూర్చుని నా కుడిచేతిని చూసుకున్నాను. పోగును ఒత్తిపట్టే వేళ్లలో ఉన్నట్టుండి సత్తువ లేకుండా పోయింది. కాసేపటికి మళ్లీ మామూలైంది. చెయ్యి తిమ్మిరి పట్టిందన్నాను. "పనంటే తిమ్మిరే పడ్తది" అంది మా అత్త దేవవ్వ. నిజమేనేమో, నాకే బద్ధకం పెరిగిందేమో అనుకున్నాను. హుస్నాబాద్‌లో మా వాడలో కండెలు చుట్టడాన్ని ఎవరూ పని అనరు. గుడ్డ నేసినవాడిదే పని. కండెలు ఆడవాళ్ల చేతుల్లోంచి వాటంతటవే రాలిపడతాయి కాబోలు. తరువాత ఇంకోసారి చెంబు జారింది, మాట తడబడింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. మళ్లీ పని ఎగ్గొట్టేదాన్నవుతానని భయం.

చైనా యుద్ధం నడుస్తున్న ఆ చలికాలం, ఒక పొద్దున పొయ్యి ముందునుంచి లేవబోతే కుడికాలు నాది కానట్టు మడతపడింది. మూతి ఎడమకు గుంజుకుపోయింది. అత్తను పిలుద్దామంటే నాలుక తిరగలేదు. గాలి తాకిందన్నారు. పావురాన్ని కోసి ఆ నెత్తురు చేతికీ కాలికీ రుద్ది వాకిట్లో ఎండకు కూర్చోబెట్టారు. దారిన పోయేవాళ్లంతా ఆగి చూసి, అయ్యో అని పోయేవాళ్లు. నెత్తురు వాసన, ఈగలు, మూతి పక్కనుంచి కారే చొంగ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకునేదాన్ని. ఒళ్లు చచ్చుబడింది కానీ సిగ్గు చచ్చుబడలేదు.

పావురాలతో నయం కాక కరీంనగర్ తీసుకుపోయారు. డాక్టరు కోస్తావైపు మనిషి. నా మెడ మీద వేలు పెట్టి మా ఆయనకు చూపించాడు.

"ఇక్కడినుంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలు ఉంటాయి. ఒకటి మూసుకుపోతే దాని మీద బతికే మెదడు భాగానికి రక్తం అందదు, అది చచ్చిపోతుంది. ఈవిడకు ఎడమవైపు మూసుకుపోయింది. కుడిచేతిని నడిపేదీ, మాటను నడిపేదీ ఆ వైపే. ఇది గాలీ కాదు, దయ్యమూ కాదు. ముందు ఎప్పుడైనా చెయ్యి పట్టుతప్పి, కాసేపటికి సర్దుకోవడం జరిగిందా? చాలామందికి అదే హెచ్చరిక."

"లే సార్. మంచిగనే ఉండె" అన్నాడు మా ఆయన.

ఆయన అబద్ధం ఆడాడని ఇప్పటికీ అనుకోను. వదులు కండెలు ఆయనకు గుర్తుండే ఉంటాయి. వాటిని చుట్టిన చెయ్యే గుర్తులేదు. నేను నోరు తెరిస్తే చొంగ కారుతుందని, అంత పెద్దమనిషి ముందు కొంగు తియ్యలేదు. డాక్టరు నావైపు తిరిగి, "మాట్లాడుతుంటేనే మాట తిరిగొస్తుందమ్మా. వంకరగానైనా మాట్లాడాలి" అన్నాడు.

ఇంటికొచ్చి ఒక్కసారి నీళ్లు అడిగాను. ఏదో కూతలా వచ్చింది. వాకిట్లో ఉన్న ఆడవాళ్లు నవ్వు ఆపుకున్నారు, అత్త ఆపుకోలేదు. అంతే, మళ్లీ నోరెత్తలేదు. ఏం అడిగినా తల ఊపేదాన్ని. అన్నమా అంటే ఊపు, చాలా అంటే ఊపు. తల ఊపితే వాళ్లు తొందరగా అవతలికి పోతారు, నా మొహం చూడరు.

ఒకరోజు అత్త నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "మగ్గం ఆగవట్టె. కండెలకు ఒక చెయ్యి కావాలె గద. బయటిదాన్ని తెస్తే నిన్ను చూస్తదా? నీ చెల్లె నర్మదనే వానికి చేసుకుందమా?" వద్దు అనాలి. అనాలంటే కొంగు తియ్యాలి. వాకిట్లో ఎవరో ఉన్నారు. నేను తల ఊపాను. ఊపాను! నా సిగ్గు కోసం చెల్లెలి బతుకుకే తల ఊపేశాను.

మూడోనాటికి మా బాపు పర్శరాములు నర్మదను వెంటబెట్టుకుని హుజూరాబాద్ నుంచి వచ్చాడు. అందరినీ భోజనానికి కూర్చోబెట్టి అత్త మాట ఎత్తింది. "నీ పెద్దబిడ్డనే ఒప్పుకున్నది. అడిగి చూడుండ్రి." బాపు నావైపు చూశాడు. నర్మద తలుపు పక్కన నిలబడి గోరు కొరుక్కుంటోంది. దాని చేతులు చూశాను. రాట్నానికి పనికొచ్చే మంచి చేతులు.

కొంగు తీసేశాను. "ఒద్..." అన్నాను. చొంగ చీర మీద పడింది. బాపు కళ్లు దించుకున్నాడు.

"ఏదో అంటది మామా. సోయి లేదు దానికి" అన్నాడు మా ఆయన.

"ఒద్దు" అన్నాను మళ్లీ. "నద్ద... ఒద్దు. ఇం...కి పో." ఏడుపొచ్చింది. మొహం ఎంత వికారంగా ఉందో నాకు తెలుసు. అయినా వాళ్ల మొహాల్లోకి చూస్తూ అంటూనే ఉన్నాను.

"అక్క వద్దంటున్నది బాపు" అంది నర్మద. బాపు కళ్లెత్తి నా మొహంలోకి చూశాడు. తర్వాత, "వద్దన్నది గద, ఇగ గా ముచ్చట ఇడిసిపెట్టుండ్రి వదినె" అన్నాడు.

అత్త మొహం మాడిపోయింది. నాకు తినిపించడానికని కలుపుతున్న పళ్లెం నా ముందుకు తోసింది. "గంత పౌరుషముంటే నువ్వే తిను. ఇగ నాతోని గాదు."

నా కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. ఎడమచెయ్యి దేనికో అందరికీ తెలుసు. దాంతో అన్నం తినడం మా ఇళ్లల్లో పిల్లలు చేస్తేనే దెబ్బలు పడతాయి, కన్నతండ్రి పంక్తిలో సరేసరి. "ఛీ" అన్నాడు మా ఆయన, నేనింకా చెయ్యి చాపకముందే.

ఎడమచేత్తో ముద్ద కలిపాను. సగం కింద పడింది. సిగ్గుతో చచ్చిపోతూ, వాళ్లందరి ముందూ, కడుపునిండా తిన్నాను.