బీట మీద గాజు

మార్చి పద్నాలుగున భవనాల ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం తిన్నది రెండు రొట్టెముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు. అదీ ఈ పాత ఇంటి మెట్ల మీదే కూర్చుని. ఆ రోజే రెండో అంతస్తు గది గోడలోని బీటకు అడ్డంగా వేలెడు గాజుపట్టీ పెట్టి, రెండు చివరలా సిమెంటుతో అతికి, పక్కన తేదీ రాశాడు. గోడ కదిలితే గాజు పగులుతుంది. పగిలితే ఇల్లు వెంటనే ఖాళీ చెయ్యాలి.

నలభై రోజుల తర్వాత ఇప్పుడు అదే గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూస్తున్నాడు.

మునిసిపాలిటీలో ఇరవయ్యారేళ్లుగా ఇదే పని. పాత భవనాలెక్కడం, చిన్న సుత్తితో గోడలు తట్టి వినడం, నోటీసులు రాయడం. ఆయన వస్తున్నాడంటే జనం బీరువాలు జరిపి బీటలు కప్పేస్తారు. కుర్చీ వెయ్యరు. కూలిన ఇల్లు పేపర్లోకెక్కుతుంది; కూలకుండా నిలిచిన ఇళ్ల ఊసు ఎవరెత్తుతారు? ఇంట్లోనూ అన్నానికి కూర్చునే ముందు పైకప్పు వంక ఒకసారి చూస్తాడని భార్య నవ్వేది.

గాజు చెక్కు చెదరలేదు. కానీ వేలితో తాకితే చివర మెత్తగా జరిగింది. సిమెంటు కాదు, జిగురు.

వెనక, పుస్తకాలకు అట్టలు కట్టే ముసలాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. నలభయ్యేళ్లుగా ఈ గదే ఆయనకు ఇల్లూ, దుకాణమూ.

"పాతది ఎప్పుడు పగిలింది బాబాయ్?"

"పది రోజులైంది."

"అట్టలేసి అట్టలేసి చివరికి గోడక్కూడా అట్టేశాడు నాయనా!" అంది మంచం మీంచి ఆయన భార్య. "వద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాను. వింటేగా!"

"నువ్వూరుకోవే. బాబూ, ఈ ఒక్కసారికి చూళ్లేదనుకో. దీని మోకాళ్లకి మెట్లు దిగడమే గగనం. ఎక్కడికని తీసుకెళ్లను?"

"నేను చూడకపోతే గోడ ఊరుకుంటుందా?"

ముసలాయన బల్ల దగ్గరికి వెళ్లాడు. సొరుగులోంచి కాగితం పొట్లం తీసి ఇచ్చాడు. అందులో పగిలిన గాజు, రెండు ముక్కలూ. పారెయ్యడానికి మనసొప్పలేదట.

ఆఫీసు పెట్టిన గుర్తును మార్చడం నేరం. అది రాయడానికి ఫారంలో ఒక గడి ఉంది. కలం దాని మీద కాసేపు ఆగింది. చివరికి "గాజు పగిలింది, ఈ రోజు చూశాను" అని మాత్రం రాసి, ఆ గడి వదిలేశాడు. ఖాళీ చేయించాలన్న మాట కింద మాత్రం రెండు గీతలు గీశాడు. మెట్లు లేని గది కావాలని మునిసిపాలిటీ వసతిగృహానికి మూడుసార్లు ఫోన్ చేశాడు.

సాయంత్రం వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టరూ, డ్రైవరూ ముసలామెను కుర్చీలో కూర్చోబెట్టి దించారు. "పెళ్లికూతుర్నప్పుడు కూడా నన్నెవరూ ఇలా మొయ్యలేదు," అని నవ్వి, వెంటనే మొహం పక్కకు తిప్పుకుంది.

ముసలాయన గుమ్మంలో ఆగి తాళంచెవి ఇచ్చాడు.

"లోపల ఒక పుస్తకం చెక్కల్లో బిగించి ఉంది. జిగురు ఆరాలి, పొద్దుటిదాకా చెక్కల మర తిప్పకూడదు. రేపొచ్చి పట్టుకెళ్తా."

"మీరిక రాకూడదు బాబాయ్. నేను తెస్తాను."

"మెల్లిగా తిప్పు మరి."

వ్యాను మలుపు తిరిగింది. మసక చీకటి పడుతోంది. ఇన్‌స్పెక్టరు మళ్లీ పైకెక్కి, గోడకు అదురు తగలకుండా గది తలుపును రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా మూశాడు. లోపల, కిటికీ పక్క బల్ల మీద, రెండు చెక్కల నడుమ ఎవరి పిల్లలదో పాత నిఘంటువు. దానికి కొత్త అట్ట, మీద ఇంకా పేరు రాయలేదు.