ఇటుకపొడితో తోమిన కైసరు

కొడుకు డానీ సమాధి మీద సిలువ ఒరిగిపోతోందని సామ్యేల్ గుంత లోతు చేస్తుంటే, గడ్డపార తగిలి చిన్న కుండ ఒకటి పొడిపొడైంది. ముప్పై ఏళ్లుగా నల్లబంగారం తవ్వి కంపెనీకి పోసినవాడికి, సొంతానికి తవ్విన మొదటిరోజే ఐదు నల్లటి బిళ్లలు దొరికాయి.

రిటైరైన చరిత్ర లెక్చరర్ లింగమూర్తి వాటిని భూతద్దం కింద పెట్టి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"సామ్యేలన్నా, రోమా చక్రవర్తుల ఎండి నాణేలివి! రెండువేల ఏండ్లయి. ఇగో, తలకు ఆకుల కిరీటం, చుట్టూ పేరు. ఎనుక కుర్చీల కూసున్న దేవత."

"మా చర్చిల చెప్పే కైసరా సారూ? రోమా అనంగనే నా రోమాలు నిక్కినయ్!" నవ్వి, అసలు సంగతి అడిగాడు సామ్యేల్. "మరి ఓపెన్‌కాస్టు ఆగుతదా?"

వచ్చే నెల ఆ సమాధులన్నీ బొగ్గు కోసం నేలంతా పైనుంచే తవ్వేసే ఆ గనిలో కలిసిపోతాయి. జ్వరంతో ఇరవయ్యో ఏట పోయిన డానీ అక్కడే ఉన్నాడు. సామ్యేల్ పెట్టని దరఖాస్తు లేదు. కాస్తయినా దారి దొరకలేదు.

"పాత ఊరున్న జాగని తేలితే ఆపి చూడాల్సిందే. సోమవారం పురావస్తు ఆఫీసరును తోలుకొస్త. ఆ మొఖం, ఆ అక్షరాలే సాక్ష్యం."

"మా మొఖం చూసి ఎవ్వలాగలే. కైసరు మొఖం చూసన్న ఆగనీ."

ఇంటికొచ్చి బిళ్లలు భార్య సుగుణమణి చేతిలో పెట్టాడు. "సోమవారం పెద్దసారు ఇవి చూస్తడు. డానీ జాగ ఇగ వీటి చేతుల్నే ఉన్నది." అంతే చెప్పాడు. మొఖం మాట చెప్పలేదు.

సోమవారం లింగమూర్తి ఆఫీసరును తీసుకొచ్చేసరికి సుగుణమణి స్టీలు పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. వేళ్ల చివర్లు పుండ్లయ్యాయి. పళ్లెంలో ఐదు బిళ్లలు ధగధగా మెరుస్తున్నాయి.

"ముప్పై ఏండ్ల సంది నువ్వు తెచ్చే నలుపంత నేను వదిలిస్తలేనా? గివెంత? చింతపండు, ఇటుకపొడి పెట్టి రెండు రోజులు బండకేసి రుద్దిన."

ఆఫీసరు ఒక్కొక్కటీ కిటికీ వెలుతురుకు తిప్పి చూశాడు. ముక్కు లేదు, కిరీటం లేదు, ఒక్క అక్షరం లేదు.

"వెండి అని రాయగలను. రోమ్ అని రాయలేను" అన్నాడు మెల్లగా.

"ఏమైందయ్యా? సక్కగ తెల్లగ కాలేదా?"

"అయినయే సుగుణా. శాన తెల్లగయినయ్."

అస్థికలు తీసుకుపొమ్మని కంపెనీవాళ్లు వారం గడువిచ్చారు. ఎవరినీ పిలవకుండా సామ్యేలే తవ్వాడు. మన్నంటిన మొదటి ఎముక పైకి రాగానే సుగుణమణి ఒళ్లో పెట్టుకుని, కొంగుతో తుడవబోయింది.

సామ్యేల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తుడువకే. ఉండనీ."

ఆమె తన వేళ్ల పుండ్ల వంక చూసుకుంది. అప్పుడు మొదలుపెట్టింది ఏడవడం.