ఆతే అనే పిలుపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆయన యుగంధర్ పెళ్లయిన మూడో రోజునే ఈ సంగతి కనిపెట్టి, అప్పటినుంచీ ఒళ్లు దగ్గర పెట్టుకుని మసలుతున్నాడు. అబిగేయిల్‌కి ముందుగా చెప్పినవాళ్లు లేరు.

ఐర్లండ్‌లోని డ్రోహెడాలో మేముండే అద్దె ఇంట్లో పైన రెండు గదులు మావి, కింద ముందుగది అబిగేయిల్‌ది. వంటిల్లు మాత్రం అందరికీ ఒకటే. యుగంధర్ మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. అబిగేయిల్ ఫిలిప్పీన్స్ మనిషి. ఊళ్లోని ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను చూసుకునే పనికి వచ్చింది. కిందటి నవంబరులో రెండు పెట్టెలూ, ఒక పెద్ద బాణలీ పట్టుకుని దిగింది.

మొదటి వారమంతా నా పేరుతో కుస్తీ పట్టింది. జ్ఞానేశ్వరి అనడానికి మనవాళ్లకే నోరు తిరగదు, ఆవిడకేం తిరుగుతుంది? ఒకరోజు పొద్దున్నే ఆ ప్రయత్నం మానేసి, నవ్వుతూ, "గుడ్ మార్నింగ్ ఆతే!" అంది.

నాకది "అత్తే" అని వినిపించింది. యుగంధర్ రోజూ వాళ్ల మేనత్త కృష్ణవేణిగారికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఇల్లంతా మోగేలా "ఆయ్ అత్తా, అలాగే అత్తా" అంటుంటాడు. అది విని ఈవిడ పట్టేసిందనుకున్నాను. నాకూ అబిగేయిల్‌కూ ఏడాదే తేడా. పైగా పెళ్లయి పద్నాలుగేళ్లయినా నాకు పిల్లల్లేరు. డబ్లిన్‌లో ట్రీట్‌మెంటుకని మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ ఏడుస్తూ ఇంటికొచ్చినదాన్ని. కొడుకూ కోడలూ లేనిదాన్ని పట్టుకుని అత్తా అనడం వెటకారం కాక మరేమిటి?

"ఏవండీ, ఆవిడ నన్ను వెక్కిరిస్తోందండి," అన్నాను.

"వాళ్ల భాషలో ఏదో అయ్యుంటదిలే జ్ఞానం. అడిగితే పోద్ది కదా."

"అడిగి ఇంకా లోకువైపోమంటారా?"

అడగలేదు. ఆవిడ పిలిచినప్పుడల్లా లోపల ఉడికిపోతూ, పైకి నవ్వుతూ కాలక్షేపం చేశాను.

ఆదివారం వస్తే అబిగేయిల్ లుంపియా చేసేది. స్ప్రింగ్ రోల్ లాంటిదే, కానీ వేలంత సన్నం. పల్చటి పిండి రేకులో పచ్చి పంది కైమా, సన్నగా తరిగిన క్యారెట్, వెల్లుల్లి పెట్టి చుట్టి, నూనెలో కరకరలాడేలా వేయిస్తుంది. నేను పంది మాంసం ముట్టనని తెలిసి, నాకోసం క్యాబేజీ, బీన్స్‌తో వేరే చేసేది. వేరే గిన్నె, వేరే నూనె. "ఆతే, నీవి!" అని ప్లేటు నా చేతిలో పెట్టేది. వాటిని నేను పైకి తీసుకెళ్లి తినేదాన్ని. ఒక్కటి కూడా మిగిల్చేదాన్ని కాదు. ఆ సిగ్గు కూడా చెప్పుకోవాలి కదా.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. నాలుగోసారీ నిలవలేదు. ఆదివారందాకా మంచం దిగలేదు. దిగి వంటింట్లోకి వెళ్లేసరికి ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి, "ఆతే! రా, తిను," అంది. వెనక్కి తిరిగి పైకెళ్లి, ఇల్లు చూసే ఏజెంటుకి మెయిల్ రాశాను. పంది మాంసం కంపు, నూనె పొగ, ఇంట్లో దేవుడి పటాలున్నాయి, ఊపిరాడడం లేదు, ఇలా నోటికొచ్చినవన్నీ. నా ఇంగ్లీషు బాగుంటుంది. ఆ రోజు మరీ బాగా కుదిరింది.

ఆవిడకి ఒక మాట చెబుతారు, ముఖం చిన్నబుచ్చుకుంటుంది, అంతే కదా అనుకున్నాను. ఆవిడ వచ్చి ఇంకా ఆరు నెలలు నిండలేదు. ఆ లోపు కారణం చెప్పకుండానే ఖాళీ చేయించొచ్చట. మార్చిలో నోటీసు వచ్చింది, మూడు నెలల్లో గది వదలాలని.

ఆ కాగితం పట్టుకుని అబిగేయిల్ నా దగ్గరికే వచ్చింది. వాళ్లమ్మ దగ్గర పెరుగుతున్న కూతురుందని నాకు తెలుసు. ఆ పిల్లను ఇక్కడికి తెచ్చుకోవాలంటే ఇల్లున్నట్టు లీజు చూపించాలని అప్పుడే తెలిసింది. ముందుగది పెద్దది, తల్లీకూతుళ్లకు చాలుతుందని ఏజెంటు అంతకుముందే ఒప్పుకున్నాడట. పిల్లకి పద్దెనిమిది నిండేలోపు కాగితాలు వెళ్లాలి. నిండాక తల్లి మీద ఆధారపడిన బిడ్డ కింద లెక్కలోకి రాదు.

"ఎవరో ఫిర్యాదు చేశారంట. పక్కింటివాళ్లేమో," అంది.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ రాత్రే ఏజెంటుకి ఇంకో మెయిల్ పెట్టాను, పొరపాటైంది, మాకేం ఇబ్బంది లేదని. గది వేరేవాళ్లకి ఖాయమైపోయిందని రెండు ముక్కల్లో జవాబొచ్చింది. ఆవిడ డ్యూటీలు చేసుకుంటూనే డ్రోహెడాలో, మెయ్‌నూత్‌లో, ఎక్కడెక్కడో ఇళ్లు చూసింది. ఒక్క గదికి నలభై మంది వరసలో ఉంటున్నారు. పిల్ల కూడా వస్తుందనగానే తలుపు వేసేస్తున్నారు. నేను రోజూ "ఏమైనా దొరికిందా?" అని అడుగుతూనే ఉన్నాను. అలా అడగడానికి నాకు నోరెలా వచ్చిందో!

మే నెల చివరి ఆదివారం ఆ పిల్ల పద్దెనిమిదో పుట్టినరోజు. వాళ్లకి పుట్టినరోజంటే లుంపియా ఉండి తీరాలట. కాగితాలు వెళ్లలేదు. ఇక వెళ్లవు. అయినా పొద్దున్నే అబిగేయిల్ రేకుల ప్యాకెట్ ఫ్రీజర్లోంచి తీసి, తడిగుడ్డ కప్పి, "ఇవాళ నువ్వు కూడా చుట్టు ఆతే. ఒక్కదాన్నే చేయలేను," అంది.

కూర్చున్నాను. రేకులు ఒక్కొక్కటీ చిరక్కుండా ఊడదీయడం నాకు బాగానే వచ్చింది. చుట్టడమే రాలేదు. కజ్జికాయకి కూరినట్టు దండిగా కూరాను. "అంత లావుగా వద్దు, లోపల పచ్చిగా ఉండిపోతుంది," అని నా చేతిలోంచి తీసుకుని విప్పి, సగం తీసేసి, బిగించి చుట్టి, అంచుకి గుడ్డుసొన రాసి అంటించింది.

పన్నెండింటికి వీడియో కాల్ వచ్చింది. అక్కడ సాయంత్రం ఏడు. కొత్త గౌనులో పిల్ల, వెనక బెలూన్లు. అబిగేయిల్ మొదటి వాయి బాణలిలోంచి తీసి ఫోనుకి చూపించింది. పిల్ల నోరు తెరిచి, తిన్నట్టు నటించింది. ఇంతలో ఎవరో ఇంకో అమ్మాయి గదిలోకి వస్తే, పిల్ల అటు తిరిగి "ఆతే! ఆతే!" అని అరిచి వాటేసుకుంది. వచ్చిన అమ్మాయికి ఇరవై రెండో, ఇరవై మూడో.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "ఆ అమ్మాయి ఎవరు? అలా పిలిచిందేం?"

"ఆతేనా? మా అన్న కూతురు. ఆతే అంటే అక్క," అంది అబిగేయిల్. "నీ పేరు తప్పుగా పలికితే నీకు బాధగా ఉంటుందనిపించింది. ఇక్కడ నాకెవరూ లేరు కదా. ఒక అక్క ఉన్నట్టు ఉంటుందని..."

నా చేతిలో రేకు చిరిగిపోయింది. ఆరు నెలలుగా నన్ను అక్కా అని పిలుస్తోంది ఈ మనిషి. దానికే నేను ఆమె బిడ్డను ఆమెకి లేకుండా చేశాను.

"అబిగేయిల్, ఆ మెయిల్ రాసింది నేనే."

ఆమె తిరగలేదు. నూనెలో ఉన్న లుంపియాల్ని ఎర్రబడేదాకా తిప్పి, తీసి, పేపరు మీద పరిచింది. స్టవ్ కట్టేసింది. అప్పుడు నావైపు చూసింది.

"ఎందుకు?"

నన్ను ఆప్యాయంగా పిలిచావని. ఆ మాట ఎలా అనను? ఏ నోటితో అనను?

"వాసన," అన్నాను చివరికి.

ఆమె నమ్మింది. కోప్పడుతుందని, తిడుతుందని, ఆ వేడి నూనె నా మీద పోసినా పోస్తుందని చూశాను. ఆమె సింకు దగ్గరికి వెళ్లి, మునివేళ్ల మీద లేచి, బిగుసుకుపోయిన కిటికీని రెండు చేతులా తోసి తెరిచింది. చలిగాలి లోపలికి కొట్టింది.

"నాకు చెప్పాల్సింది. రోజూ తీసి ఉంచేదాన్ని," అంది.

అక్కడే నిలబడి, రెండుసార్లు గాలి పీల్చి చూసింది. కళ్లనిండా నీళ్లున్నాయి.

"ఇప్పుడు ఫర్వాలేదా?" అని నన్ను అడిగింది.

నాకెప్పుడూ ఏ వాసనా రాలేదని ఆమెకి ఎలా చెప్పను?