మేడ మీది గొంతు

రెండో తరగతి సగం గడిచినా సాయిదుర్గ బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. రాయమంటే రాసేది, లెక్క చెయ్యమంటే చేసేది, హాజరు పిలిస్తే చెయ్యెత్తేది. అంతే. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసిస్తూ ఆయా సుబ్బులు రోజూ ఒకటే మాట అనేది: "ఏందే పిల్లా, నోట్ల ముత్యాలు పెట్టుకున్నవా? తెరిస్తే రాల్తయా?" పిల్లలంతా పగలబడి నవ్వేవారు. సాయిదుర్గ తల వంచి డబ్బాలోకి చూసేది.

పద్మారావు నగర్‌లో ఆ బడి పాతదే. కానీ ఆ ఏడు చుట్టుపక్కల బళ్ళన్నీ బోర్డుల మీద కంప్యూటర్ బొమ్మలు వేయించుకుంటుంటే, తను వెనకబడకూడదని కరస్పాండెంట్ జ్ఞానశేఖర్ ఒక కంప్యూటర్ గదిని, దాంతోపాటు ఒక కౌన్సిలర్‌ని కూడా పెట్టాడు. సైకాలజీలో ఎమ్మే చేసిన ఆలిస్ అలా ఆ బడికి వచ్చింది. ఆమెకు మెట్ల కింద గది ఇచ్చారు. అంతకుముందు అందులో చీపుళ్ళు ఉండేవి.

"చూడమ్మా ఆలిస్, మూడో క్లాసు నుంచి ఓరల్స్ ఉంటయ్. నోరు విప్పని పిల్లని ఎట్ల ప్రమోట్ చేస్త? ఏప్రిల్ దాకా చూస్త. తర్వాత టీసీ చేతిలో పెట్టేస్త. మూగపిల్లలకి వేరే స్కూళ్ళు ఉన్నయ్ గదా," అన్నాడు జ్ఞానశేఖర్.

"మూగ కాదు సార్. ఇంట్లో మాట్లాడుతుంది. ఇక్కడికి రాగానే భయంతో గొంతు పెగలదు. బలవంతం చేస్తే ఇంకా బిగుసుకుపోతుంది."

"ఇంట్ల మాట్లాడితే నాకేం లాభమమ్మా?" అని ఆయన హాయిగా నవ్వాడు. చెడ్డవాడు కాదు. క్రిస్మస్‌కి ఆయాలందరికీ చీరలు పెట్టేవాడు.

సాయంత్రం పిల్లని తీసుకెళ్ళడానికి నానమ్మ గవరమ్మ వచ్చేది. వాళ్ళది బొబ్బిలి వైపు. చేరిన కొత్తలోనే ఆలిస్ పిల్ల గురించి అడిగితే ఆమె కొంగుతో మొహం తుడుచుకుని చెప్పుకొచ్చింది: "మూగేటమ్మా! సిలకలాగ వాగుతాది. కాకపోతే ఇంట్లో అన్నీ గుసగుసలే. మా అబ్బాయిది బేగంపేటలో రేతిరి డూటీ. పగలు తొంగుంటాడు. సెంచా కిందడినా ఇంతెత్తున లెగుస్తాడు. అందుకే నానూ ఇదీ మేడ మీదకెల్లి మాటాడుకుంటాం."

గవరమ్మ కొడుకు పైడిబాబు ఉద్యోగం చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అమెరికా డాక్టర్లు చెప్పే రోగాల వివరాలు తెల్లవార్లూ టైపు చెయ్యడం. ఒక్క పదం తప్పు పడితే జీతంలో కోత.

ఆలిస్ తొందరపడలేదు. మొదట్లో ఆ పిల్లని కన్నెత్తి కూడా చూడకుండా, పక్కన కూర్చుని తన మానాన తను బొమ్మలు వేసుకునేది. తర్వాత చిన్న టేప్ రికార్డరు గవరమ్మ చేతికిచ్చింది. మేడ మీద సాయిదుర్గ దానిలోకి మాట్లాడాలి. మర్నాడు మెట్ల కింద గదిలో తనూ ఆలిసూ తలలు ఆనించుకుని వినాలి.

"ఇది మనిద్దరిదే. ఇంకెవరికీ వినిపించను," అని ఆలిస్ ఆ పిల్ల చేతిలో చెయ్యి వేసి చెప్పింది.

క్యాసెట్‌లో తన గొంతు వినబడ్డప్పుడల్లా సాయిదుర్గ మొదట ముడుచుకుపోయేది. తర్వాత తర్వాత నవ్వేది. సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు టేపు ఆగిపోగానే గాలి కన్నా మెత్తగా "ఇంకోసారి" అంది. ఆ బడిలో ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. తలెత్తితే పిట్ట ఎగిరిపోతుందన్నట్టు, ఆలిస్ కిందికే చూస్తూ మీట నొక్కింది.

ఆ మాట జ్ఞానశేఖర్‌కి చెప్పకుండా ఉండలేకపోయింది.

"ప్రెయిజ్ ది లార్డ్! నాకొక్కడికి చెప్తే ఎట్ల? శుక్రవారం కృతజ్ఞత కూడిక, ప్రార్థన మీటింగు ఉంది గదా, అండ్ల లేచి సాక్ష్యం చెప్పు. కమిటీ వస్తది, పేరెంట్స్ వస్తరు. అందరి ముందట ఆ పిల్ల సీటు ఖాయం చేస్త."

"పాప ఇంకా సిద్ధంగా లేదు సార్."

"పాపని స్టేజీ ఎక్కమన్ననా? నువ్వే చెప్పు. ఆ టేపు జెర వినిపించు. వట్టి మాటలు కమిటీ నమ్ముతదా?"

ఆలిస్ తిరుమలగిరిలో, చర్చి పక్క ఇంట్లో పెరిగింది. అక్కడ ఆదివారం ఆదివారం ఎవరో ఒకరు లేచి, సాక్ష్యమంటూ తమ బతుకులో దాచుకున్నదంతా నలుగురిలో చెప్పేవారు. తాగిన రోజులు, కాపురంలో గొడవలు, పోయిన బిడ్డలు. చెప్పినవాళ్ళని అందరూ కావలించుకునేవారు. ఆలిస్‌కి చిన్నప్పుడు మూర్ఛలు వచ్చేవి. ఎవరూ పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. పదిహేనేళ్ళప్పుడు లేచి తన సాక్ష్యం చెప్పుకుంది. ఆ రోజు నుంచి అందరూ పక్కన చోటిచ్చారు. పిల్లలు చెప్పింది గుట్టుగా ఉంచాలని కాలేజీలో చదువుకుంది, పరీక్షలో రాసింది కూడా. కానీ చదివింది చదువుగానే ఉండిపోయింది. చర్చిలో నేర్చుకున్నది ఒంట్లో ఇంకిపోయింది.

సాయిదుర్గని అడగాలనుకుంది. అడిగితే అడ్డంగా తలూపుతుందని తెలుసు. అందుకే అడగలేదు.

శుక్రవారం హాలు నిండింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన పైడిబాబు ఎర్రబడ్డ కళ్ళతో, మెడలో ఆఫీసు కార్డుతో ముందు వరసలో కూర్చున్నాడు. పిల్లలు చాపల మీద ఉన్నారు. ఆలిస్ నాలుగు మాటలు చెప్పి టేపు మైకు దగ్గర పెట్టింది. రెండో ఎక్కం గలగలా వినబడింది. "హల్లెలూయ!" అన్నారు. చప్పట్లు కొట్టారు. సాయిదుర్గ తలెత్తి, తన గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుక్కుంది.

ఎక్కం తర్వాత ఏముందో ఆలిస్‌కి తెలుసు. బొటనవేలు ఆపే మీట మీదే ఉంది.

"ఇప్పుడు నాను నాన్ననంట," అంది టేపు. "ఒసే! సప్పుడు సేత్తే పీక నొక్కేత్తాను! రేతిరల్లా అమెరికావోడి దగ్గులు ఇనొచ్చాను!"

హాలు ఘొల్లుమంది. ఆలిస్ జన్మలో ఒక సభని నవ్వించి ఎరగదు. అది ప్రేమతో నవ్విన నవ్వే అనుకుంది. వేలు తీసేసింది.

"నానమ్మా, నాన్న గబ్బిలం కదా? పగలు ఏలాడతాడు."

"మా ఇంట్ల సుత ఒకడున్నడు గబ్బిలం!" అని వెనక నుంచి ఎవరో ఆడమనిషి అరిచింది. మళ్ళీ నవ్వులు.

"నాన్న ఎల్లిపోతే బాగున్ను. అప్పుడు అమ్మ కూడా గట్టిగా మాటాడతాది."

నవ్వులు ఆగిపోయాయి. ఆలిస్ మీట నొక్కింది. జ్ఞానశేఖర్ చటుక్కున మైకు అందుకున్నాడు. "చూసిండ్రా, ఎంత మాటకారో! సీటు పక్కా! సాయిదుర్గా, లేచి అందరికీ థాంక్యూ చెప్పమ్మా!"

ఆ పిల్ల లేచి నిలబడింది. కింద చాప తడిసిపోయి ఉంది. తుడిచే బట్ట తెస్తూ సుబ్బులు, "పైది తెర్వమంటే కిందిది తెరిచింది," అని గొణిగింది. దగ్గరున్న పిల్లలు నవ్వి, చాప వదిలి దూరం జరిగారు. పైడిబాబు ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి సాయిదుర్గ బడికి రాలేదు. ఆలిస్ కొన్నాళ్ళు చూసి, ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళింది.

తలుపు బార్లా తీసి ఉంది. టీవీ మోగుతోంది. పైడిబాబు చేతిలో నీళ్ళ గ్లాసుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"రండి మేడం, గట్టిగానే మాట్లాడండి. మా ఇంట్లో ఇప్పుడు ఎంత గోలైనా చెయ్యొచ్చు. గబ్బిలం నిద్ర మానేసింది."

సాయిదుర్గ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"నాతో కూడా మాటాడదమ్మా," అంది గవరమ్మ. "మేడ మీదకి రమ్మన్నా రాదు. పొద్దుట్నించి గుక్కెడు నీల్లు తాగనివ్వట్లేదు ఈడు. నోటితో అడిగితేనే ఇత్తానంటాడు." వంటింటి గుమ్మంలో తల్లి దేవిక పమిట నోట్లో కుక్కుకుని నిలబడింది.

"ఇచ్చెయ్యండి. బలవంతం చేస్తే ఇంకా..." అంది ఆలిస్.

"టేపులో అంత వాగిన గుంటకి 'నాన్నా, నీల్లు' అనడానికి నోరు రాదేటి? ఆఫీసులో కూడా తెలిసిపోయింది మేడం. ఇప్పుడక్కడ నా పేరు గబ్బిలమే." అతను లేచి గ్లాసు ఆలిస్ చేతిలో పెట్టాడు. "దీన్ని మాట్లాడించింది మీరే కదా. మీరే అడిగించండి."

ఆలిస్ మోకాళ్ళ మీద కూర్చుంది. "అడగక్కర్లేదమ్మా. తాగు," అంటూ గ్లాసు చాచింది.

సాయిదుర్గ నీళ్ళ వైపు చూసి గుటక మింగింది. గ్లాసు పట్టుకున్న చేతిని చూసింది. అది ఎవరి చేయో చూసింది. తర్వాత గోడ వైపు తిరిగిపోయింది.